కమ్మరి జట్టు, అక్కయ్య జబ్బు

వెర్ఖ్నీ గోర్న్,
3 నవంబరు 2013

అక్కయ్య గ్లఫీరాకు,

పరలోకం నుంచి దిగే సమాధానం కింది అంతస్తులకు పోకముందే నీ ఆరో అంతస్తులో ఆగాలని కోరుతూ తమ్ముడు సవేలీ రాసేది.

ఫోను చేద్దామనుకున్నాను. ఫోనులో నీకు సగం వినపడదు, వినపడిన సగానికి కోపం తెచ్చుకుంటావు. అందుకే కాగితం పట్టాను. నీ మరదలు ఉస్తీన్యా బంగాళాదుంపలు గదిలోకి చేర్చింది. మోకాలు నొప్పి అంటుంది, అంటూనే పని చేస్తుంది. మంచు అక్టోబరు ఇరవైనే పడింది.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు.

వచ్చే సీజను నుంచి ఐదువేల అయిదువందల సీట్లు లేని స్టేడియం ఉన్న జట్టుకు పెద్ద లీగులో చోటు లేదట. మన కమ్మరి హాకీ జట్టు కుజ్నేత్స్‌కు ఉన్నవి మూడువేల ఎనిమిదివందలు. నాన్న తరం కమ్మరులు పని దిగాక తమ చేతులతో కట్టిన స్టేడియం అది. మరో పదిహేడువందల సీట్లు వెయ్యాలంటే గోడ పగలగొట్టాలి, గోడ పగలగొడితే కప్పు కూలుతుంది. మా ఫ్యాక్టరీవాళ్ళు చేతులెత్తేశారు. నలభై వేల మంది ఉన్న ఊరు మాది. పది మందిలో ఒకడు ప్రతి ఆటకూ వస్తాడు. మాస్కోలో పది మందిలో ఒకడు వస్తే ఏ స్టేడియం ఆపుతుంది? ఈ లెక్క లీగుకు ఎవరు చెబుతారు?

అక్కా, అబ్రాహాము సొదొమ కోసం బేరమాడాడు. యాభై మంది నీతిమంతులుంటే విడిచిపెడతావా, నలభై అయిదైతే, ముప్ఫై అయితే, పది అయితే? ప్రతిసారీ ప్రభువు సరేనన్నాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పాపిష్టి ఊరికే బేరగాడు దొరికాడే, మన ఊరికి దొరకడా? నేనే ఆడతాను. మూడువేల నూట పన్నెండు సంతకాలు ఈ కవరులో ఉన్నాయి. లీగు ఆఫీసు నీ ఊళ్ళోనే ఉంది. నీ చేత్తో ఇచ్చి రా. పోస్టులో పంపినవి రెండు పోయాయి.

మా సంఘపెద్ద ఎర్మలాయ్‌కు నా మీద కోపం. ఆదివారం అందరి ముందూ అడిగాడు: "సవేలీ, మంచు మీద కర్రలతో కొట్టుకునేవాళ్ళలో నీకు క్రీస్తు కనపడుతున్నాడా?" నేనన్నాను: "క్రీస్తు కనపడడు పెద్దన్నా. గోలు ముందు నిలబడ్డవాడిలో మాత్రం యోబు కనపడతాడు. ఎన్ని దెబ్బలు తగిలినా దేవుణ్ణి తిట్టడు." వెనక బల్లమీద ఎవరో నవ్వారు. నవ్వింది ఉస్తీన్యా కాదు.

మన భాష వింత చూడు. జట్టు కోసం ప్రాణం పెట్టేవాడికీ, జ్వరంతో మంచమెక్కినవాడికీ ఒక్క మాటే పెట్టింది. మా ఊళ్ళో ఎవరైనా "జబ్బుగా ఉన్నాను" అంటే డాక్టరును పిలవరు, "స్కోరెంత?" అని అడుగుతారు. నేను నలభై ఏళ్ళ జబ్బు మనిషిని. అక్కా, నువ్వూ ఈ ఊరి బిడ్డవే. మా జబ్బు నీకు అంటిందా లేదా? నీ సంగతి రాయి.

నీ తమ్ముడు,
సవేలీ

*

మాస్కో,
20 నవంబరు

తమ్ముడూ,

కవరు చేరింది. పోస్టు పిల్ల మెట్లెక్కి తెచ్చి "బామ్మా, ఇందులో ఇటుకలున్నాయా?" అంది. ఉన్నాయి, మా తమ్ముడు జీవితమంతా కొలిమికి ఇటుకలు పేర్చాడు, అలవాటు పోలేదు అన్నాను.

కాగితాలు ఇచ్చి వస్తాను. ఈ వారం కాదు, ఒంట్లో ఓపిక ఉన్న రోజు. ఆ వీధి నాకు తెలుసు. ఆ పక్క మేడకు డెబ్భై తొమ్మిదిలో మేమే సున్నం వేశాం. ఇప్పుడది అద్దాల మేడైంది. అద్దానికి సున్నం అక్కర్లేదు.

ఉస్తీన్యా మోకాలికి కాబేజీ ఆకు కట్టమను. నవ్వకు. పని చేస్తుంది.

నా సంగతి అడిగావు. జబ్బుగానే ఉన్నాను. సెప్టెంబరులో మొదలైంది. పోతుందిలే అనుకున్నాను, పోలేదు, ఇప్పుడు ముదిరింది. తిండి మీద ధ్యాస లేదు. పక్కింటి రిమ్మాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. జాలిపడితే నాకు ఒళ్ళు మంట.

గ్లఫీరా

*

వెర్ఖ్నీ గోర్న్,
4 డిసెంబరు

నా ప్రియమైన అక్కయ్యా, జబ్బు మనిషీ!

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను. ఉస్తీన్యా పరుగెత్తుకొచ్చింది, ఎవరు పోయారోనని. "ఎవరూ పోలేదే! అక్కయ్య జబ్బుపడింది!" అని అరిచాను. అది తెల్లబోయింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. సరిగ్గా సెప్టెంబరులో, సీజను మొదలైనప్పుడే! తిండి మీద ధ్యాస లేకుండా! నాకు మొదటి సంవత్సరం అచ్చం అలాగే అయ్యింది. పెల్మేని కుడుము నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోయేవాణ్ణి.

అక్కా, నలభై ఏళ్ళుగా నువ్వు మా నుంచి దూరంగా ఉన్నావు. మందిరానికి రావు, ఊరికి రావు. నీకూ నాకూ మధ్య కలిసే మాట ఒక్కటీ లేదే అని ఎన్నిసార్లు మోకరించి ఏడ్చానో. ఇదిగో, దొరికింది. రాతిలోంచి నీళ్ళు తెప్పించినవాడికి మాస్కోలో ఒక ముసలిదాన్ని జబ్బు మనిషిని చెయ్యడం ఎంత పని?

ఆదివారం ప్రసంగంలో నీ సంగతి చెప్పాను. ఎర్మలాయ్ మూతి ముడుచుకున్నాడు కానీ అడ్డు చెప్పలేదు. సంఘమంతా లేచి నిలబడింది. "ప్రభువా, మా సహోదరి గ్లఫీరాకు ఈ జబ్బు తగ్గనివ్వకు, ముదరనివ్వు, ఎముకల్లోకి దిగనివ్వు, ఆమె నుంచి మేడలో అందరికీ అంటించు" అని ప్రార్థించాను. అందరూ "ఆమెన్" అన్నారు. ముసలి అకులీనా అయితే ఏడ్చింది కూడా.

జాలిపడతారని దాచుకోకు. చెప్పుకో! మందు జోలికి పోకు. ఈ జబ్బుకు మందు ఒక్కటే, గెలుపు. అది మాకే దొరకడం లేదు. పోయిన వారం మూడు ఆటలు ఆడి మూడూ పోగొట్టాం. మన యోబు, అదే గోలు దగ్గర నిలబడే కొరోస్తెల్యోవ్, ఒక్క ఆటలో నలభై నాలుగు ఆపాడు. నలభై అయిదోది దూరింది. ఎవడూ వాణ్ణి తిట్టలేదు.

కాబేజీ ఆకు కట్టాం. ఉస్తీన్యా ఒప్పుకోదు కానీ రాత్రి మెలకువ రాకుండా పడుకుంది.

ఆనందంతో,
సవేలీ

*

మాస్కో,
19 డిసెంబరు

సవేలీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాన్న గొంతు వినపడింది. అమ్మ మంచం పక్కన నిలబడి ఆయన చేసిన ప్రార్థన నీకు గుర్తుండదు, నీకప్పుడు నాలుగేళ్ళు. నాకు గుర్తుంది. మాట మాట గుర్తుంది.

ఆ విషయం ఇంక రాయను.

కాగితాలు ఇచ్చాను. గుమ్మం దగ్గర కాపలావాడు "ఎవరి దగ్గరికి, బామ్మా?" అన్నాడు. లీగు దగ్గరికి అన్నాను. "లీగంటే మనిషి కాదు బామ్మా." "అయితే మనిషిని పిలువు." వాడేదో అన్నాడు, నాకు వినపడలేదు. కాగితం మీద రాయమన్నాను. మొదట పెద్దగా అరిచాడు, తరవాత రాశాడు. తీసుకెళ్ళి ఒక సోఫాలో కూర్చోబెట్టారు. మూడు గంటలు కూర్చున్నాను. ఒక పిల్ల వచ్చి కాగితాలు తీసుకుంది, ముద్ర వేసింది, టీ ఇచ్చింది. పోవచ్చు అని రాసి చూపించింది. నేను కదల్లేదు. మళ్ళీ రాసింది. కదల్లేదు. అప్పుడు ఇంకెవరినో పిలుచుకొచ్చింది, ఆయన నీ పేరూ అడ్రసూ రాసుకుని వెళ్ళాడు. తరవాత రిమ్మా వచ్చి నన్ను తీసుకుపోయింది.

ఇంతే.

గ్లఫీరా

*

వెర్ఖ్నీ గోర్న్,
12 జనవరి 2014

అక్కా! అక్కా!

క్రిస్మస్ గడిచింది. కొత్త సంవత్సరం నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టుగాక.

నా ఉత్తరంలో నాన్న గొంతు వినపడిందన్నావు. ఆ ఒక్క వాక్యం నా కోటు లోపలి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నేను ఎక్కడా చదువుకోలేదు. ఎర్మలాయ్ పట్నంలో రెండేళ్ళు బైబిలు పాఠశాలకు వెళ్ళాడు, నేను కొలిమి చల్లారే వేళల్లో ఇటుకల మీద కూర్చుని చదువుకున్నాను. నా ప్రసంగాల్లో వ్యాకరణం లేదని వాడంటాడు. కానీ నాన్న గొంతు ఉందని నువ్వన్నావు! ఆ ప్రార్థన ఏమిటో నాకు చెప్పు. వచ్చినప్పుడు చెబుదువుగాని.

అవును, వస్తున్నాను! నీ మూడు గంటలు ఫలించాయి. లీగు నుంచి ముద్రతో ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, ఉదయం పదకొండు గంటలకు పెద్దాయన ఒకడు నన్ను కలుస్తాడట. పదిహేను నిమిషాలు. లోపలికి పోయే చీటీ కూడా జతచేశారు. ఆ ఉత్తరంలో ఏమని ఉందో తెలుసా? "మీ ప్రతినిధి అయిన వృద్ధురాలు మూడు గంటలు స్థలం విడవనందున" అని! అన్యాయపు న్యాయాధిపతి గుమ్మం విడవని విధవరాలి కథ చిన్నప్పుడు నాన్న చెప్పేవాడు కదా, విసిగిపోయి ఆఖరికి న్యాయం చేశాడని. నువ్వే ఆ విధవరాలివి. నీ మొగుడు బతికే ఉన్నాడేమో, ఎక్కడున్నాడో మాత్రం నీకూ తెలియదు కాబట్టి సరిపోతుంది.

మాట్లాడాల్సింది రాసుకుంటున్నాను. నలభై పేజీలైంది. ఉస్తీన్యా అంది, "పదిహేను నిమిషాలకి నలభై పేజీలా? నువ్వు ముగించేలోపు వాడు చచ్చిపోతాడు." సగం కొట్టేశాను, ఇరవై ఎనిమిదైంది.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. వరసగా అయిదు ఓడిపోయాం. ఫ్యాక్టరీ గేటు దగ్గర మగవాళ్ళు మాట్లాడుకోకుండా సిగరెట్లు కాలుస్తున్నారు. జట్టు పెద్ద లీగులోంచి పోతే పిల్లలు కర్రలు పట్టుకోవడం మానేస్తారని కాదు నా భయం. ఈ ఊరిని ఎవరైనా పేరుపెట్టి పిలిచేది వారానికి రెండుసార్లు, టీవీలో, ఆట మొదలయ్యేటప్పుడు. ఆ పిలుపు పోతుంది. పేరుతో పిలవని ఊరు ఎన్నాళ్ళు ఊరుగా ఉంటుంది?

ఇరవై ఏడున దిగుతాను. ఆ రోజు మనిద్దరం కలిసి వెళ్దాం. పక్కన నీలాంటి జబ్బు మనిషి ఉంటే నాకు ధైర్యం. నీ జబ్బు కళ్ళారా చూడాలని ఉంది.

నీ సవేలీ

*

మాస్కో,
2 ఫిబ్రవరి

సవేలీ,

ఇరవై ఎనిమిదిన నేను నీ పక్కన ఉండలేను. ఆ ఉదయం ఆస్పత్రిలో బల్ల మీద ఉంటాను. కడుపులో గడ్డ. పది గంటలకు మొదలుపెడతారు, ఎప్పుడు అయిపోతుందో చెప్పలేమన్నారు. డాక్టరు చిన్నపిల్ల, మా రిమ్మా కూతురి వయసు, గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుంది, అందుకని నచ్చింది.

నువ్వు నన్ను విధవరాలన్నావు, న్యాయం కోసం కూర్చున్నానన్నావు. ఆ రోజు నేను పట్టుదలతో కూర్చోలేదు. నొప్పి వచ్చి లేవలేకపోయాను. టీ తాగితే తగ్గుతుందనుకున్నాను. ఆ పిల్ల కాగితం మీద "పోవచ్చు" అని రాస్తుంటే, లేవలేనని చెప్పడం ఇష్టంలేక కిటికీలోకి చూస్తూ కూర్చున్నాను.

ఇంకో మాట. నీ ఉత్తరాల్లో హాకీ పేజీలు నేను చదవను. చిన్నప్పుడు నాన్న ప్రసంగాలు ఎలా వింటున్నట్టు కూర్చునేదాన్నో అలాగే కళ్ళు తిప్పేస్తాను. చివర ఉన్న నాలుగు మాటలు మాత్రం చదువుతాను. నవంబరులో "నీ సంగతి రాయి" అన్నావు, రాశాను. దానికి నువ్వు సంఘం చేత నా జబ్బు ముదరాలని, ఎముకల్లోకి దిగాలని ప్రార్థన చేయించావు. నాన్న అంతే చేశాడు. ఈ బాధ ఆమె ఆత్మకు కొలిమి ప్రభువా, చల్లార్చకు అన్నాడు. డాక్టరును పిలవలేదు. నేను పదకొండేళ్ళ దాన్ని, తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఆ తలుపు దగ్గరే నా మనసు ఆ ఇల్లూ ఆ మందిరమూ వదిలింది, కాళ్ళు వదలడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

నా జబ్బంటే నీకెందుకంత ముద్దో నాకు అర్థం కాలేదు. నీ ప్రార్థన మాత్రం పనిచేసింది. ముదిరింది.

నువ్వు వస్తే తాళం రిమ్మా దగ్గర ఉంటుంది. ఫ్రిజ్‌లో జావ ఉంటుంది. పదకొండుకు నీ పని నువ్వు చూసుకో.

గ్లఫీరా

*

వెర్ఖ్నీ గోర్న్,
11 ఫిబ్రవరి

అక్కా,

ఈ ఉత్తరంలో హాకీ లేదు. మొత్తం చదువు.

నువ్వు "జబ్బుగా ఉన్నాను" అని రాశావు. నేను జట్టు కోసం అనుకున్నాను. ప్రమాణంగా చెబుతున్నాను, వేరే అర్థం నా బుర్రకు తట్టలేదు. నలభై ఏళ్ళుగా ఆ మాటను ఒక్క అర్థంలోనే వాడాను. రెండో అర్థం ఒకటుందని, మనుషులు ఆ అర్థంలో కూడా బాధపడతారని మరిచిపోయాను. సెప్టెంబరులో మొదలైందన్నావు, నేను క్యాలెండరు చూసి సంతోషించాను. తిండి సహించడం లేదన్నావు, నేను పెల్మేని కథ చెప్పాను. బోధకుడిని. మనుషుల ఆత్మల గురించి ముప్ఫై ఏళ్ళుగా మాట్లాడుతున్నాను.

అమ్మ మంచం పక్కన నాన్న అన్న మాట నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆయన గొంతును జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి కాదు.

ఆదివారం అందరి ముందూ నిలబడ్డాను. "సహోదరులారా, రెండు నెలల కింద నేను మీ చేత ఒక ప్రార్థన చేయించాను. అది తప్పు ప్రార్థన. మా అక్కయ్యకు నిజంగా జబ్బు. ఆడించేది కాదు, పడేసేది" అన్నాను. ఎర్మలాయ్ ఈ సమయం కోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూశాడనుకున్నాను, లేచి మందిరంలోంచి వెళ్ళమంటాడనుకున్నాను. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. అప్పుడు అకులీనా లేచింది. ఆమెకు తొంభై ఒకటి. "ఎందుకురా అంత కంగారు? ఏ జబ్బో దేవుడికి తెలీదా? మన నోటితో వచ్చిన చెత్త ఊడ్చుకోవడానికి ఆయనకి ఎన్నాళ్ళ అలవాటో" అంది. "ఇప్పుడు సరిగ్గా అడుగుదాం, లే." అందరం మోకరించాం. ఈసారి నేను నోరు విప్పలేదు. ఎర్మలాయే ప్రార్థించాడు. వ్యాకరణంతో.

ఇరవై ఏడు ఉదయం దిగుతాను. నువ్వు ఆస్పత్రికి వెళ్ళేముందు చూస్తాను. పదకొండు గంటల సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు.

సవేలీ

*

మాస్కో,
20 ఏప్రిల్

ఒరేయ్ సవేలీ,

నేను మెట్లు దిగి ఎక్కుతున్నాను. మూడో అంతస్తులో ఒకసారి ఆగుతాను. కుట్లు మానాయి. డాక్టరు పిల్ల గడ్డ మంచి రకమే అంది. గడ్డల్లో మంచి రకం ఏమిటో నాకర్థం కాలేదు గాని ఆమె నవ్వుతూ చెప్పింది కాబట్టి ఒప్పుకున్నాను. నువ్వు తెచ్చిన జామ్ అయిపోయింది. ఉస్తీన్యాకు చెప్పు, చక్కెర ఎక్కువైంది, అయినా ఇంకో సీసా పంపమను.

ఇప్పుడు నిన్ను తిట్టాలి.

వంటింటి అలమారలో, టీ డబ్బా కింద, ఒక చీటీ దొరికింది. లీగు ఆఫీసులోకి పోయే చీటీ. నీ పేరు, 28 ఫిబ్రవరి, 11 గంటలు. బయటికి వచ్చేటప్పుడు దాని వెనక ముద్ర వేసి లాక్కుంటారు, నాకు తెలుసు, నా చీటీ అలాగే లాక్కున్నారు. నీ చీటీకి ముద్ర లేదు. పైగా అది నీ దగ్గరే ఉంది. నాకు మెలకువ వచ్చాక నేను అడిగాను, "వెళ్ళావా? మాట్లాడావా?" నువ్వు నా మొహం ముందు మొహం పెట్టి నెమ్మదిగా అన్నావు, నీ పెదాలు చూశాను: "మాట్లాడానక్కా. అంతా మాట్లాడాను." బోధకుడివై ఉండి అబద్ధమా?

నువ్వు వెళ్ళలేదు. పది నుంచి రెండు దాకా ఆ గోడకు ఆనుకుని కూర్చున్నావని నర్సు చెప్పింది. ఎందుకురా? నేను నిద్రలో ఉన్నాను. మత్తిచ్చారు. నువ్వు అక్కడున్నా తెలియదు, చంద్రుడి మీదున్నా తెలియదు. ఆ ఆఫీసు అక్కడికి అరగంట. వెళ్ళి, పదిహేను నిమిషాలు మాట్లాడి, తిరిగి వచ్చినా నేను ఇంకా నిద్రలోనే ఉండేదాన్ని!

ఏప్రిల్ పదిన పేపరు కొన్నాను. హాకీ పేజీ తీశాను, జీవితంలో మొదటిసారి మొత్తం చదివాను. కుజ్నేత్స్‌ను తీసేశారు. చిన్న లీగులోకి పంపారు. రెండు వరసలు రాశారు.

నువ్వు ఉత్తరం రాయలేదు. నెల అయింది. అందుకని అడుగుతున్నాను, తిన్నగా చెప్పు, బైబిలు వెనక దాక్కోకు. నువ్వు ఆ రోజు వెళ్ళి ఉంటే మిగిలేదా? నా కడుపు వల్ల మీ ఊరి జట్టు పోయిందా?

అక్క

*

వెర్ఖ్నీ గోర్న్,
3 మే

అక్కా,

ఉత్తరం రాయకపోవడానికి కారణం కోపం కాదు. ఏప్రిల్ పది తరవాత రెండు వారాలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఉస్తీన్యా మొదట పండగ చేసుకుంది, తరవాత భయపడింది.

ముందు ఆమె సంగతి చెబుతాను. మార్చి ఒకటిన, నేను నీ దగ్గర ఉండగా, పెద్ద లీగులో మా ఊళ్ళో చివరి ఆట. నా టిక్కెట్టు వృథా అవుతుందని ఉస్తీన్యా వెళ్ళింది. పెళ్ళయి ముప్ఫై ఆరేళ్ళు, ఒక్కసారీ స్టేడియం గడప తొక్కలేదు. ఏడుస్తూ ఇంటికి వచ్చి నాకు ఫోను చేసింది: "ఓడిపోయారయ్యా, తెల్లచొక్కాలవాళ్ళు ఎంత కష్టపడ్డారో!" మనవాళ్ళు నీలం చొక్కాలే పిచ్చిదానా అన్నాను. అది రెండు గంటలు అవతలి జట్టు కోసం ప్రార్థించింది. అయినా మనమే గెలిచాం, మూడు రెండు.

నిన్న స్టేడియంలో మంచు కరిగించారు. మామూలుగా ఎవరూ చూడరు, నేను వెళ్ళాను. యంత్రం ఆపేస్తే ముందు అంచులు తడుస్తాయి, తరవాత నీలి గీతలు పాకుతాయి. పక్కన ఎవరో నిలబడ్డారు, చూస్తే ఎర్మలాయ్. "సెప్టెంబరులో మళ్ళీ వేస్తారా?" అన్నాడు. వేస్తారు పెద్దన్నా, చిన్న లీగు కూడా మంచు మీదే ఆడతారు అన్నాను. "టిక్కెట్టు ఎంత?" అన్నాడు. చెప్పాను. "ఎక్కువే," అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నీ ప్రశ్న. తిన్నగా చెప్పమన్నావు. నేను వెళ్ళి ఉంటే మిగిలేదో లేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. ఎప్పటికీ తెలియదు. దాన్ని మనిద్దరం చెరో కొస పట్టుకుని మోద్దాం, బరువు తగ్గుతుంది. నీ కడుపు వల్ల పోలేదు. నేను కుర్చీలో కూర్చోవడం వల్ల పోతే పోయి ఉండవచ్చు, కూర్చున్నది నేను.

ఎందుకు కూర్చున్నానంటావు. పది గంటలకు నిన్ను చక్రాల మంచం మీద తీసుకుపోయారు. నేను లేచాను, కోటు వేసుకున్నాను, చీటీ చేత్తో పట్టుకున్నాను. దాచను, వెళ్ళిపోదామనే లేచాను. లిఫ్టు దాకా వెళ్ళాను. లిఫ్టు తలుపు తెరుచుకుంది. నా కాళ్ళు కదల్లేదు. పదకొండేళ్ళ పిల్ల ఒకతి తలుపు దగ్గర నిలబడి ఉంది, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ డాక్టరు కోసం పరుగెత్తలేదు. ఆ పిల్ల కనపడింది అక్కా. లిఫ్టు మూసుకుంది. వచ్చి కూర్చున్నాను.

అబద్ధం మాత్రం ఆడలేదు. మాట్లాడానని అన్నాను, మాట్లాడాను.

ఆ గోడ దగ్గర ఇంకో మనిషి ఉన్నాడు. వలెరియాన్ అట, మాస్కోవాడు, భార్యను లోపలికి తీసుకుపోయారు. పేపరు మడిచి విప్పి మడుస్తున్నాడు. నా ఒళ్ళోని కాగితాలు చూసి "ఏమిటవి, వీలునామానా?" అన్నాడు. ఊరి పేరు చెప్పాను. "ఓహో, కమ్మరోళ్ళా! నవంబరులో మీ మీద మా వాళ్ళు ఏడు గోల్సు కొట్టారు."

"ఆరు. ఏడోది లెక్కలోకి రాలేదు."

"వచ్చింది."

"కర్ర పైకెత్తి కొట్టాడు, రిఫరీ కొట్టేశాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశావా ఆట?"

"చదువు," అన్నాడు. "ఏమి రాశావో చదువు. ఎలాగూ ఇద్దరికీ పనిలేదు."

మొదలుపెట్టేసరికి గోడ గడియారం పదకొండు చూపించింది. చదివాను. నాన్న తరం కట్టిన గోడ గురించి, నలభై వేల మందిలో పది మందికి ఒకడు రావడం గురించి, అబ్రాహాము బేరం గురించి, టీవీలో ఊరి పేరు పిలవడం గురించి. గట్టిగా చదవకూడదని నర్సు ఒకసారి వచ్చి చెప్పింది, గొంతు తగ్గించాను. జీవితంలో నేనెప్పుడూ గొంతు తగ్గించి ప్రసంగం చెయ్యలేదు. తగ్గించి చదువుతుంటే నాకే కొన్ని పేజీలు సిగ్గనిపించాయి, వాటిని మడిచి కింద పెట్టేశాను. ఇరవై ఎనిమిదిలో తొమ్మిది మిగిలాయి. అవి బాగున్నాయి. ఆ మనిషి ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. పేపరు మడవడం మానేశాడు.

చివరి పేజీలో బైబిలు వాక్యమేమీ పెట్టలేదు. మా ఊరిని ఉంచండి అని మాత్రమే ఉంది. అది చదివి ఆగాను. "మీ సీట్లు మూడువేల ఎనిమిదివందలే కదా," అన్నాడు. "అంతే," అన్నాను. ఆయన తల ఊపాడు. తరవాత, నా కోసం అన్నాడో, లోపలున్న తన భార్య కోసం అన్నాడో తెలియదు, మెల్లిగా "ఆమెన్" అన్నాడు.

రెండింటికి తలుపు తెరిచి ఒక పిల్ల, గోళ్ళు పొట్టిగా ఉన్న పిల్ల, మాస్కు కిందికి లాగి ఇద్దరి మొహాలూ చూసి అడిగింది: "గ్లఫీరా గారి మనుషులు ఎవరు?"

నేనున్నానని లేచాను.

ఉస్తీన్యా ఇంకో సీసా కడుతోంది. చక్కెర తగ్గించింది.

నీ మనిషి,
సవేలీ